నడిచే చీర

మా ఫోనుకి ఈమధ్య ఒక అలవాటు పట్టుకుంది. అడక్కుండానే పాత ఫోటోలు తవ్వి తీసి, వెనకాల ఏదో వాయిద్యం పెట్టి, గుర్తుందా అన్నట్టు కళ్ళ ముందుకు తోస్తుంది. మొన్న పొద్దున టీ గ్లాసు పట్టుకుని కూచుంటే అలాగే ఒకటి తోసింది. అందులో మనిషి లేదు. నీలం రంగు ఒకటి ఎడమ నుంచి కుడికి పాకిపోతోంది, దాని కింద బూడిదరంగు, ఒక పక్కన తెల్లటి చార. మా అమ్మాయి తొంగిచూసి, "డిలీట్ చెయ్యమ్మా, వేలు తగిలి పడినట్టుంది," అంది. నాకు చురుక్కుమంది. ఆ పాకే నీలం నేను. ఆ తెల్లచార నా టిఫిన్ డబ్బా. పెనుకొండ స్టేషన్లో ప్యాసింజరు కోసం పరుగెత్తుతున్న నన్ను రైలు కిటికీలోంచి ఒకావిడ తీసిన ఫోటో అది. ఆవిడ ఆ రైలెక్కడం మానేసి చాలా కాలమైంది.

ఆమె పేరు నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నా ఫోన్లో ‘చీరలక్క’ అని ఉంది. ధర్మవరం నుంచి పట్టుచీరల మూట పెట్టుకుని పొద్దున రైల్లో హిందూపురం వచ్చేది. అక్కడ ఇళ్ళ వెంట తిరిగి చూపించి, సాయంత్రం రైల్లో వెనక్కి పోయేది. నేను పెనుకొండలో ఎక్కి హిందూపురంలో దిగేదాన్ని. అక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్ని. ఇంటి నుంచి స్టేషనుకి షేరాటోలో పోవాలి. షేరాటో నిండితేగాని కదలదు. అందువల్ల నా ఉద్యోగంలో పాఠాలు చెప్పిన కష్టం ఒక ఎత్తు, పెనుకొండ ప్లాట్‌ఫారం మీద పరుగెత్తిన కష్టం ఒక ఎత్తు.

ఒకరోజు అలా పరుగెత్తి ఎక్కి, ఊపిరందక తలుపు దగ్గర నిలబడి ఉంటే, కిటికీ పక్కనున్న ఆమె చేతిలో ఫోను నావైపే చూస్తోంది.

"నా ఫోటో తీశారా?" అన్నాను.

"తీసినా," అంది, ఏమాత్రం తడుముకోకుండా.

"ఎవరినడిగి తీశారు?"

"అడిగితే నువ్వు నిలబడతావు గదమ్మా. నిలబడినోళ్ళు నాకొద్దు." ఫోను నా చేతిలో పెట్టింది. "సూడు, దీంట్లో నువ్వు యాడుండావో చూపించు. తుడిపేస్తా."

చూశాను. నేను ఎక్కడా లేను. ఉన్నదల్లా ఒక నీలపు మరక. పోట్లాటకి కొంగు బిగించినదాన్ని కాస్తా నవ్వేశాను. ఆ మరకని నాకూ పంపమన్నాను. జరిగి చోటిచ్చింది.

చోటిచ్చింది గాని తను కూచోలేదు. కూచునే మనిషి కాదు. బక్కపలచని ఒళ్ళు, నెరిసిన జుట్టు వేలిముడి, మెడలో పసుపుతాడు, చేతికి ఎర్రగాజులు. మూట సీటు మీద పెట్టి తను కిటికీకి, తలుపుకి మధ్య తిరుగుతూ ఉండేది. ఎవరితోనన్నా మాట్లాడుతున్నా కళ్ళు మాత్రం బయట పోయేదాని వెంట పోతుండేవి. రైలు ఆగితే ఆమెకి విసుగు. క్రాసింగ్ కోసం ఏ చిన్న స్టేషన్లోనో నిలబెడితే, పక్కవాళ్ళు దిగి కాళ్ళు సాగదీసుకుంటుంటే, "ఇంగ ఏముండాది చూసేకి," అని మూటకి తల ఆనించి కళ్ళు మూసుకునేది. రైలు కదిలిన కుదుపుకే మళ్ళీ లేచేది.

ఫోటో తీసే పద్ధతి చూడాలి. ముందు కొంగు చివరతో ఫోను కన్ను తుడిచేది. రెండు మోచేతులూ డొక్కలకి ఆనించుకునేది. దూరంగా ఏదో ఒకటి, గొర్రెలమందో, సైకిలు మీద పాలక్యానులో, కనిపిస్తే దాన్ని ఫోనులో పట్టుకుని నడుము నుంచి మెల్లగా తిరిగేది, పిండి జల్లించేటప్పుడు ఒళ్ళు తిరిగినట్టు. నొక్కిన తర్వాత కూడా ఇంకాస్త దూరం అలాగే తిరుగుతూ పోయేది. "నొక్కినాక అయిపోయిందని ఆపినావంటే చెడిపోతాది. నీ సూపు దాంతోపాటు పోవల్ల," అనేది. అలా తిరిగి తిరిగి ఎదురుగా కూచున్న ముసలాయన తలపాగాకి మోచెయ్యి తగిలించిన రోజులున్నాయి. ఆయన తిట్టేవాడు. ఈమె ఆయన తిట్టేటప్పుడు ఊగే తలపాగాని కూడా తీసేది.

ఎవరూ నేర్పింది కాదు. ఫోనులో అక్కడా ఇక్కడా నొక్కి, చెడగొట్టి, మళ్ళీ నొక్కి తెలుసుకున్నది. మొదట్లో ఫోటోలు మసకగా వస్తుంటే తప్పు అద్దానిదనుకుందట. దేవుడి దీపాలు తోమినట్టు విబూది పెట్టి తోమింది. ఆ వారమంతా ప్రతి ఫోటోలోనూ మనుషుల చుట్టూ వెలుగు పొగలా కమ్ముకుని వచ్చింది. హిందూపురం బజారులో ఆటోలు, చింతపండు బస్తాలు మోసేవాళ్ళు, కుక్కలు, అందరూ దేవుడి పటంలో నుంచి దిగివచ్చినట్టున్నారు. అవి నాకు చూపించి, "అందరూ మోక్షానికి పోతాండారు సూడు," అని పడీ పడీ నవ్వింది. ఆ గీతలు పడిన అద్దాన్ని మార్పించుకోవడానికి కూడా ఆమెకి మనసొప్పలేదు.

ఎండెక్కిన తర్వాత ఆమె ఫోటో తీసేది కాదు. "ఎండలో ఫోను మనిషిని పట్టి నిలబెట్టేస్తాది. మాపటేళ జారవిడుస్తాది. మధ్యన రోంతసేపు ఉండాది, ఆ రోంతసేపే నాది," అనేది. ఆ కాస్తసేపూ మా రైలు నడిచే వేళే. పొద్దున మంచు విడీవిడని మల్బరీ తోటల మీద, సాయంత్రం ఎర్రమట్టి మీద, ఆ వెలుతురులో ఆమె పక్కన నిలబడి బయటికి చూడటం నాకు తెలియకుండానే అలవాటైపోయింది. దగ్గరి స్తంభాలు ఉరికిపోతాయి. వాటి వెనక పొలాలు నిదానంగా తిరుగుతాయి. అన్నిటికన్నా వెనక పెనుకొండ కోట కొండ, పెద్దపెద్ద గుండ్లు ఎత్తుకుని, మాతోపాటే కొంతదూరం నడిచివచ్చి ఎక్కడో ఆగిపోతుంది. నేనెన్నో సంవత్సరాలుగా చూసిన దారి. ఆమె వచ్చాక ఆ దారిలో నాకు కునుకు పట్టడం మానేసింది. స్కూల్లో పిల్లలు గ్రౌండులో పరుగెత్తుతుంటే కూడా నా తల దానంతటది వాళ్ళ వెంట తిరిగేది. హెడ్మాస్టరు మెడనొప్పా అని అడిగాడు.

ఆమె దగ్గర వందలాది ఫోటోలు పోగయ్యాయి. ఒక్కటీ ఆమెకి నచ్చదు. కొన్ని మరీ బిగుసుకున్నాయంటుంది, కొన్ని మరీ అలికినట్టున్నాయంటుంది. ఒకరోజు నాకే విసుగొచ్చింది. "అక్కా, ఇంత తిప్పలు దేనికి? వీడియో తీసుకోరాదా? నడిచేది నడిచినట్టే పడుతుంది గదా," అన్నాను.

"వీడియో మా ఆయప్పకు కనపడదు," అంది.

అప్పుడు చెప్పింది. ఆమె భర్త మగ్గం మనిషి. మీసాలు రాకముందే మగ్గం గుంతలో కాళ్ళు పెట్టినవాడు. కంట్లో ప్రెషరని తెలిసేసరికే చూపు చాలావరకు పోయింది. "అంచుల్నుంచి చీకటి కమ్ముకుంటా వస్తాది. ఇప్పుడు ఇంత ఉండాది," అని బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి కంటికి పెట్టుకుంది. ఆ సున్నాలో పడినదే ఆయనకి కనబడుతుంది. కదిలేది సున్నా దాటిపోతుంది, వెతుక్కునేలోపల అయిపోతుంది. వీడియో పెడితే ఏదో ఇటు నుంచి అటు పోయిందని తప్ప తెలియదు. ఫోటో అయితే కంటి దగ్గర పెట్టుకుని, ఫోనునే కొంచెం కొంచెం జరుపుకుంటూ చూడగలడు. పోయిన చూపు రాదని, మిగిలింది కూడా ఎక్కువకాలం నిలవదని డాక్టరు చెప్పాడు.

"శానా చీరలు నేసినాడు టీచరమ్మా. ఒక్క చీరన్నా నడిచేది చూళ్ళేదు," అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె ఓపిగ్గా చెప్పింది. మగ్గంలో కూచున్నవాడికి చీర ఎప్పుడూ జానెడే. నేసింది నేసినట్టు ఒళ్ళో ఉన్న కర్రకి చుట్టుకుపోతుంది. మొత్తం అయిన రోజున కోసి, మడత పెట్టి షావుకారుకి ఇచ్చేస్తారు. అది ఏ ఊరు పోతుందో, ఎవరు కట్టుకుంటారో తెలియదు. ఆయన నేసేవి రెండు రంగుల చీరలు. నిలువు పోగు ఒక రంగు, అడ్డపోగు ఇంకొక రంగు. పరిచిపెడితే ఏదో ఒక రంగే పైకి కనిపిస్తుంది. కట్టుకుని నడిస్తే కుచ్చిళ్ళు విచ్చుకుని ముడుచుకునేటప్పుడు లోపలి రంగు తేలుతుంది, మునుగుతుంది. ఆ రంగులు కలిపినవాడు మాత్రం అది చూడలేదు. ఉన్న కాస్త చూపు పోయేలోపల ఆయన చీర నడిచేది ఆయనకి చూపించాలి. ఇదీ ఆమె పని. బట్టల షాపు బొమ్మకి కట్టి తీసిన ఫోటో చూపిస్తే, "ఇది మగ్గం మీద చూసిందే గదా," అన్నాడట.

"మీరే కట్టుకోవచ్చు గదా," అన్నాను.

"నేను కట్టుకుంటే తీసేదెవురు?" అంది, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు.

ఆ రోజు నుంచి ఆమె మరకలు చూసి నేను నవ్వలేదు. ఆమె కోసం నాకు దిగులు పట్టుకుంది. రాత్రి వంట చేస్తూ కూడా, ఇంకా ఎన్నాళ్ళు కనబడుతుందో ఆయనకి అనుకునేదాన్ని.

మా స్కూల్లో వార్షికోత్సవం వచ్చింది. ముందురోజు సాయంత్రం రైల్లో ఆమె మూట విప్పి, అడుగున తెల్లగుడ్డలో చుట్టిన చీర ఒకటి తీసి నా ఒళ్ళో పెట్టింది. అంతవరకు ఆ చీర ఎవరికీ చూపించగా నేను చూడలేదు. ఆకుపచ్చ. "ఆయప్ప కడాకు నేసింది, ఇది దించినాక మగ్గం ముట్టల్యా. రేపు నువ్వు కట్టుకో. నీ మాదిరి పరిగెత్తేవాళ్ళు ఈ లైన్లో లేరు," అంది.

వద్దన్నాను. ఎక్కడ చిరుగుతుందో, ఏం మరక పడుతుందోనని భయపడ్డాను. ఆమె వినలేదు.

మర్నాడు నా ఖర్మకొద్దీ షేరాటో క్షణంలో నిండింది. ఆ ఉద్యోగంలో మొదటిసారి నేను రైలుకన్నా ముందు స్టేషనుకి చేరాను. ఏం చెయ్యను, టికెట్ల గది వెనక నక్కి నిలబడ్డాను. రైలు వచ్చి ఆగాక, అదిలించిన కోడిలా బయటికొచ్చి పరుగెత్తాను. ప్లాట్‌ఫారం మీద పూలమ్మే ఆమె, "ఇంగా టైముండాదమ్మా, నిదానంగా పో," అని అరిచింది. రైలెక్కి ఫోను చూశాం. ఫోటో చక్కగానే వచ్చింది. చీరలక్క చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపింది.

"నువ్వు రైలు కోసం పరిగెత్తల్యా. నా కోసం పరిగెత్తినావు. ఆయప్ప కనుక్కుంటాడు," అంది.

సాయంత్రం పిల్లల డాన్సులు ఒక పట్టాన అయిపోలేదు. పెద్దవాళ్ళ ఉపన్యాసాలు అంతకన్నా అయిపోలేదు. చివరికి ఆటో పట్టుకుని హిందూపురం స్టేషనుకి వచ్చేసరికి రైలు కదులుతోంది. ఆ రైలు పోతే ఇల్లు చేరడం చాలా కష్టం. చీర సంగతి, ఫోటో సంగతి, ఏ సంగతీ నాకు గుర్తులేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, కుచ్చిళ్ళు ఇంకో చేత్తో ఎత్తిపట్టుకుని పరుగెత్తాను. తలుపు దగ్గర చీరలక్క కనిపించింది. చెయ్యి అందిస్తుందనుకున్నాను. ఆమె రెండు చేతులూ ఖాళీగా లేవు. మోచేతులు డొక్కలకి ఆనించుకుని, నడుము నుంచి మెల్లగా నావైపు తిరుగుతోంది. చివరికి ఆమె వెనక నుంచి వేరుశనక్కాయలమ్మే ఆమె ఎవరో చెయ్యి చాపి నన్ను లోపలికి లాగింది.

"నీకేమన్నా బుద్ధుందా అక్కా? నేను రైలు కింద పడితే?" అన్నాను. నిజంగానే ఒళ్ళు మండిపోతోంది.

ఆమె ఫోను నాకిచ్చింది.

నా మొహం సగం చెదిరిపోయింది. మంచిదే అయింది, ఆ క్షణాన నా మొహం చూడదగ్గ స్థితిలో లేదు. ప్లాట్‌ఫారం, బెంచీలు, జనం అంతా సన్నటి గీతలుగా వెనక్కి సాగిపోయారు. మధ్యన చీర ఒక్కటే తేటగా ఉంది. ఎదురెండ పడి, గాలికి విచ్చుకున్న ప్రతి మడత లోపల ఊదారంగు, దాని అంచున పచ్చ. ఎక్కడ పచ్చ ఆగిందో, ఎక్కడ ఊదా మొదలైందో చెప్పలేం. నేను కట్టుకున్న చీరే, పొద్దుటి నుంచి నా ఒంటి మీదున్నదే. దాన్ని నేను కూడా అప్పుడే చూశాను. తిట్టడం మానేసి ఏడ్చాను. వేరుశనక్కాయలామె భయంతో ఏడుస్తున్నాననుకుని ఒక గుప్పెడు కాయలు చేతిలో పోసింది.

ఆదివారం నన్ను ధర్మవరం రమ్మంది. "నువ్వొచ్చి నిలబడితే ఇది బొమ్మ కాదని నమ్ముతాడు," అంది.

పోయాను. మగ్గాల వీధిలో చిన్న ఇల్లు. ముందుగదిలో మగ్గం మీద దుప్పటి కప్పి ఉంది. ఆయన అరుగు మీద ఎండ పడేచోట కూచుని ఉన్నాడు. ఆమె నన్ను చూపించి, "ఈయమ్మే," అంది. ఆయన నావైపు తిరిగి, తల కొంచెం అటూ ఇటూ జరిపి నన్ను దొరకబుచ్చుకుని, "రా తల్లీ," అన్నాడు.

ఫోను అందుకుని కంటికి బాగా దగ్గరగా పెట్టుకున్నాడు. ఆయన తల కదపలేదు, ఫోనుని జరిపాడు. కింద అంచు దగ్గర మొదలుపెట్టి కొంగుదాకా. మళ్ళీ కిందికి. ఆమె మాత్రం ఒకచోట నిలవడంలేదు. లోపలికి పోయి నీళ్ళు తెచ్చింది, కాఫీ పెట్టాలని పోయింది, పాలు పొంగుతాయంటూనే మళ్ళీ వచ్చి ఆయన మొహంలోకి తొంగిచూసింది.

"అంచు నాదే," అన్నాడాయన. ఫోనుని ఇంకొంచెం జరిపి, "ఊదా ఇంత తేల్తాదని అనుకోల్యా. రెండు పోగులు తక్కువేసింటే సరిపోయేది," అన్నాడు. ఆయన మొహం మీద నవ్వు వచ్చింది. "టీచరమ్మా, బాగా పరిగెత్తినావు తల్లీ. రైలు దొరికెనా?"

"దొరికింది," అన్నాను.

ఆమెకి ఇక పట్టపగ్గాల్లేవు. "ఇంగా తీస్తా సూడు. వచ్చే వారం కదిరి పక్క పెండ్లి ఉండాది, ఆడ ఎవురన్నా నీ చీర కట్టింటారు. మడకశిరలో జాతరకు పోతా. ఇప్పుడు చేతికొచ్చేసినాది నాకు," అంటూ మూట సర్దడం మొదలుపెట్టింది.

ఆయన ఫోను అరుగు మీద పెట్టేశాడు. "ఇంగ చాలు," అన్నాడు.

ఆమె చేతులు ఆగిపోయాయి. "బాగలేదా?"

"శానా బాగుండాది. నా చీరలు నాకు చూడకపోయినా తెలుస్తాయిలే. నిన్ను చూసి శానా దినాలైంది."

"నేను ఇంట్లోనే గదా ఉండేది?"

"యాడుంటావు? పొద్దన్నే రైలుకు పోతావు, మాపటికి వస్తావు. ఇంట్లో ఉన్నా అట్ల పోతాంటావు, ఇట్ల పోతాంటావు. నాకు కొంగు కనపడతాది, గాజులు వినపడతాయి. నువ్వు కనపడవు." ఆయన గొంతులో నిష్ఠూరమేమీ లేదు. "డాక్టరు చెప్పింది నువ్వూ విన్న్యావు. ఉండే రోంత సూపు ఊర్లోవాళ్ళ మీద పెట్టేదెందుకు? ఇట్లొచ్చి కూచో."

"ముసల్దాన్ని, నాలో ఏముండాది చూసేకి," అంది. నావైపు చూసి సిగ్గుపడింది.

"కూచో."

ఆమె వచ్చి ఆయనకి ఎదురుగా అరుగు మీద కూచుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. ఎండపక్కకి తిరగమన్నాడు, తిరిగింది. కదలొద్దన్నాడు. ఆయన ముందుకు వంగి, ఇందాక ఫోనుని జరిపినంత నిదానంగా ఇప్పుడు తల జరుపుకుంటూ, గడ్డం దగ్గర మొదలుపెట్టాడు. చెంపలు, ముక్కు, కళ్ళు. నుదురు దాటి పైకి పోయాడు.

"జుట్టు ఎప్పుడు నెరిసె ఇంత?" అన్నాడు.

"శానా దినాలైంది."

"చెప్పల్యా నువ్వు."

ఆమె పెదవి అదిరితే కదిలినట్టవుతుందని బిగపట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యెత్తలేదు.

లోపల పాలు పొంగి పొయ్యి మీద పడిన వాసన వచ్చింది. నేను పోయి స్టవ్ ఆపేశాను. పోయొస్తానని చెప్పలేదు. చెబితే సాగనంపడానికి ఆమె లేచి నిలబడుతుంది. చప్పుడు చెయ్యకుండా చెప్పులు చేతిలో పట్టుకుని మెట్లు దిగాను.